రాగి చుట్లు

సిస్టర్ ఎస్తేరు అరచేతిల పెట్టి చూపెట్టింది.
గింతంతే.
అగ్గిపుల్లంత తెల్ల కాడ,
దాని నడుముకు సన్నటి రాగి తీగ.

నవ్వొచ్చింది నాకు.
దేవరకొండ రోడ్డు మీద మా మోటార్ల దుకాన్ల
పొద్దంత నేను చుట్టేదిదే.
లింగస్వామి మోటరు విప్పుతడు, మాడిన తీగ పీకుతడు,
చుట్లు లెక్కవెట్టేది మాత్రం నేనే.
నలభై దాటితే ఆయనకు లెక్క తప్పుతది.

"దీనికెన్ని చుట్లు సిస్టర్?" అన్న.
ఇరవై ఏండ్ల నౌకర్ల ఆ మాట ఎవ్వరడగలేదంట.
అద్దాలు సవరించుకొని
నిజంగనే లెక్కవెట్టబోయింది పాపం.

మా అత్త ఈదమ్మ వద్దన్నది.
రాగికి చిలుం పడుతదంట,
కడుపుల నుంచి గుండెకెక్కుతదంట,
తిర్మలగిరిల ఎవరికో ముక్కుల నుంచి వచ్చిందంట.
"ఇంకొక్క పిలగాణ్ణి కని ఆపరేషన్ చేయించుకో నా లెక్క.
ఒక్కనాటితోని పీడ వోతది."

అత్తకు ఇరవై రెండేండ్లకే కోసిన్రు,
క్యాంపుల, బడి బెంచీల మీద వరుసగ పండవెట్టి.
ఆ ఏడే చిన్నోడు జరమొచ్చి పోయిండు.
గా సంగతి ఆమె చెప్పదు.
మొగులైన దినం నడుం పట్టుకొని కూసుంటది.

అత్తతోని నేనన్నది గింతే:
బోర్ల నాలుగొందల ఫీట్ల కింద
ఏండ్లకేండ్లు నీళ్ళల్లనే ఉంటది గద మోటరు,
దాని కడుపుల ఉన్నది రాగే గద.
కరెంటు చంపుతది గని, నీళ్ళు చంపుతయా?

అననిది వేరే ఉంది.
తెగిన తీగను అతకొచ్చు,
అతుకు మాత్రం ఎప్పటికీ అతుకే.
నాకు తెంపుడు వద్దు.
వద్దనుకున్నన్నాళ్ళు ఉండాలె,
కావాలనుకున్న పొద్దు నేనే పోయి తీయించుకోవాలె.
బిడ్డకింక పాలపండ్లన్న ఊడలే.

రాత్రి లింగస్వామికి చెప్పిన.
శానసేపు ఫ్యాను దిక్కు చూసిండు.
"ఎన్నేండ్లంట?"
"పదేండ్లు."
"మనం ఆర్నెల్ల గ్యారంటీ ఇయ్యనీకే జంకుతం"
అని అటు తిరిగి పండుకున్నడు.
అది ఒప్పుకున్నట్టో, కోపమో, ఇప్పటికీ నాకు సమజ్ కాలే.

మొదటి రెండు నెలలు బాగనే నొచ్చింది, అబద్ధమెందుకు.
పారుడు గూడ ఎక్కువే.
ఎస్తేరు ముందే చెప్పింది గనుక ఓర్చుకున్న.

మొన్న మొగులైంది.
అత్త బాయిలి కూసొని చింతపండు తోని
రాగి చెంబు తోముతుంది.
తలకాయ లేపకుంటనే అడిగింది:
"తీస్తే మళ్ళ అయితరా పిల్లలు?"

"అయితరంట."

చిలుం ఎప్పుడో పోయింది.
తోముతనే ఉన్నది.