నారిన్ ఆస్పత్రి, మూడు మంచాలు

ఈ కంప్యూటరుకి రష్యన్ అలవాటు.
దశాంశానికి చుక్క ఒప్పుకోదు, కామా కావాలంటుంది.
తెలియక మొదటిరోజు
రాత్రికి సగటున 2.4 కాన్పులని కొట్టాను.
ఏప్రిల్ రెండో తారీఖని చదువుకుంది.
తారీఖుని మళ్ళీ అంకెగా విప్పి
మా ఊళ్ళో రాత్రికి
నలభై అయిదు వేల చిల్లర పుడతారంది.
గుల్‌సైరా చాయ్ పియాలా కింద పెట్టి
"గొర్రెలనుకుందేమో" అని నవ్వింది.

ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పురుళ్ళు పోస్తోంది.
నేను లెక్కల గుమాస్తాని.
మంచాలు మూడు చాలవని పైకి కాగితం పంపాలి.
చాలవు అంటే వాళ్ళకి చాలదు.

పాయిసాన్ అని కొట్టి బ్రాకెట్టు తెరిచాను.
ఎన్ని? మూడు.
సగటు? రెండు కామా నాలుగు.
ఆఖర్న ఒకటడుగుతుంది,
సాక్షిని బోనెక్కించినట్టు:
నిజమా, అబద్ధమా?
అబద్ధమంటే, సరిగ్గా ముగ్గురు పుట్టే రాత్రి.
నిజమంటే, సున్నా నుంచి ముగ్గురి దాకా అన్నీ పోగేసి.
ఎవరు పెట్టారో ఈ పేర్లు.
కచ్చితంగా చెప్పేది అబద్ధమట,
అందర్నీ కలుపుకునేది నిజమట.

నిజమన్నాను.
వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేశాను.
ఇరవై రెండు శాతం.
అంటే వారానికి ఒకటిన్నర రాత్రి
ఎవరో ఒకామె నడవాలో, బెంచీ మీద,
మొగుడి గొర్రెతోలు కోటు పరుచుకుని.
అయిదు మంచాలిస్తే
నెలకొక్క రాత్రే అలా.

"ఏ రాత్రో చెప్తుందా?"
చెప్పదు.
"దీనికన్నా నా మోకాలు నయం,
మంచు పడేముందు చెప్తుంది."

ఆ రాత్రి ఎవరూ రాలేదు.
సున్నాకి కూడా ఒక గడి ఉంది, తొమ్మిది శాతం.
మడత చెదరని మూడు దుప్పట్లు.
ఇలాంటప్పుడే గుల్‌సైరాకి నిద్ర పట్టదు.
కాచిన నీళ్ళు చల్లారితే
మళ్ళీ కాచింది,
మళ్ళీ.

మర్నాడు అయిదుగురు.
నాలుగో ఆమెకి బెంచీ.
అయిదో ఆమె, పై ఊరి నుంచి
గుర్రం బండిలో వచ్చిన పిల్ల, పందొమ్మిదేళ్ళు,
నడవాలో నిలబడే గోడ పట్టుకుంది.
నా బల్ల ఖాళీ చేశాను.
కంప్యూటర్ని కిటికీ గట్టు మీదికి జరుపుతుంటే
మోచేయి తగిలి నిలువు వరస ఇరుకైపోయింది.
ఇరవై రెండు శాతం ఉన్నచోట
వరసగా కంచె గుర్తులు.

అంకె ఎక్కడికీ పోలేదు.
చోటు చాలకపోతే అలాగే కనిపిస్తుంది.
అంచు పట్టి కాస్త లాగితే చాలు.

తరవాత లాగుతాను.
"దీపం ఇటు" అంటోంది గుల్‌సైరా.