నూట నలభై తేడా

"మామూలుదా, సెమీ సింథటిక్కా?"
ఆటోనగర్ షెడ్డులో దరియావలి
ఆయిల్ పుల్ల బయటికి లాగి
బొటనవేలికి రాసుకుని చూశాడు.
కాటుక నలుపు. మాడు వాసన.

లీటరుకి నూట నలభై తేడా.
అంటే బెంజిసర్కిల్ నుంచి బస్టాండుకి
రెండు బేరాలు, పైన ఒక టీ.

"ఇన్నాళ్లూ మామూలుదే తాగింది,
చావలేదుగా?" అన్నాను.

"రోహిణి ఎండ, బందరు రోడ్డు ట్రాఫిక్కు,
రోజంతా ఫస్టు గేరు.
బండి నోరు తెరిచి అడగదన్నా,
అడిగిన్నాడు బోరే అడుగుద్ది."

పోయమన్నాను.
తేనెరంగు ధార దిగుతుంటే
నిన్న కొట్లో
వేరుశనగ నూనె రేటు చూసి
పామాయిల్ ప్యాకెట్టు మీదికి జరిగిన
నా చెయ్యి గుర్తొచ్చింది.

ఇంజను గొంతు మెత్తబడింది,
లేక నాకే అట్లా వినపడుతోందో.

ఎంతైందని సువార్త అడుగుద్ది.
నూట నలభై తగ్గించి చెప్తాను.