ఎడమ పక్క, కొంచెం

నిద్రలో పళ్ళు కొరుకుతానని
మొదట చెప్పింది బంగారమ్మ.
నులిపురుగులేమో అని నెల్రోజులు వాము నూరి పెట్టింది.
తగ్గలేదు.
"పోర్టులో ఖనిజం దించినట్టుంటాదమ్మా"
అని మల్కాపురం అంతా చెప్పింది,
కూరల బండి దగ్గర కూడా.

నేను నమ్మలేదు.
మెలకువలో నా పళ్ళు పెద్దమనుషులు.
అన్నంలో ఒక్క ఇసక రేణువు,
కానాగంతల పులుసులో వెంట్రుకలో సగం ముల్లు,
నాలుక కన్నా ముందు వాటికే తెలుస్తుంది.
అదేం గొప్ప కాదు.
ముప్పై ఒక్కేళ్ళు షిప్‌యార్డులో
ఇనుముకీ ఇనుముకీ మధ్య ఖాళీ కొలిచినవాణ్ణి.
ఫీలర్ గేజు రేకు జారుతుంటే
కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి,
ఇది పది, ఇది అయిదు అని.

డాబాగార్డెన్స్‌లో పళ్ళ డాక్టరు, చిన్నపిల్ల,
కళ్ళు మూసుకోమంది.
దవడల మధ్య ఏదో పెట్టింది, తీసింది, పెట్టింది.
"ఉందా?"
"ఉంది."
"ఇప్పుడు?"
"లేదు."
"ఇప్పుడు?"
"ఉంది. ఇందాకటి దానికన్నా పలచన."
కళ్ళు తెరిస్తే ఆమె వేళ్ళ మధ్య
ఊపిరి తగిలినా వణికే రేకు.
"పంటి వేరు చుట్టూ సన్నటి నారలుంటాయండీ,
అవి చెబుతాయి.
ఇంత తెలిసిన పళ్ళు
రాత్రిళ్ళు ఏం నూరుతున్నట్టు?"

ఏం చెప్పను.
రిటైరయ్యాక, ఫిషింగ్ హార్బర్ పక్క వర్క్‌షాపులో,
వేట నిషేధం రేపటితో అయిపోతుందనగా
ఒక మరబోటు.
షాఫ్టు బేరింగులో ఖాళీ
మిల్లీమీటరులో నూరో వంతులు రెండు ఎక్కువ.
వేలికి తెలిసింది.
"రేకు బిగుతుగానే ఉంది గదా, సంతకం పెట్టీ"
అన్నాడు మేస్త్రీ జోగారావు.
బయట ఐసు లారీ హారను కొడుతోంది.
పెట్టాను.
ఆ బోటు మళ్ళీ మా వైపు రాలేదు.
పారాదీప్‌లోనో కాకినాడలోనో
బాగానే తిరుగుతూ ఉండొచ్చు.
నేనెవర్నీ అడగలేదు.

నీలం కాగితం పెట్టి కొరకమంది.
ఎత్తున్న చోట మరక పడుతుందట.
అరగదీసింది. కొరకమంది. మళ్ళీ అరగదీసింది.
నోట్లో కాలిన కొమ్ము వాసన.
"ఇప్పుడు రెండు పక్కలా సమానమేనా?"

కొరికాను. ఆగి, ఇంకోసారి కొరికాను.

"ఎడమ పక్క, కొంచెం."

అద్దం పెట్టి చూసింది.
లైటు దగ్గరికి లాక్కుని చూసింది.
"మరకేం పడలేదండీ."

"ఉందమ్మా" అన్నాను,
"ఉంది."