వచ్చిన పని

పదకొండు దాటితే
అద్దెకున్నవాళ్ళు కూడా గేటు దగ్గర సంతకం పెట్టాలి.
సొంత ఫ్లాటు వాళ్ళకు అక్కర్లేదు.
కగ్గదాసపుర, నాలుగో క్రాసు. రూలంటే రూలే.

పేరు, ఫ్లాటు, టైము, వచ్చిన పని, సంతకం.
ఆ చివర ఎవరూ ముట్టని సన్నని గడి: ఇతర వివరాలు.
నైట్ షిఫ్టు క్యాబు నన్ను దింపేసరికి రెండూ నలభై.
వచ్చిన పని అన్నచోట
"ఇల్లు" అని రాసేదాన్ని రోజూ,
ఇల్లు కూడా ఒక పనైనట్టు.

ఒక రాత్రి పెన్ను రాయక
విదిలిస్తూ పై వరసలు చూశాను.
చివరి గడిలో చీమలబారులా తెలుగు.

"1.20. ఎవురూ రాలా. నల్లకుక్క జనరేటరు కింద ఈనింది. నాలుగు."
"1.55. వాన. రెండు నిమిషాలే. మా కదిరిలో పడుంటే బాగుండు."
"2.15. 201 పెద్దాయప్ప బాల్కనీలో నిలబడుకోనుండాడు.
నేను చూసినట్టు ఆయప్పకు తెల్దు."

తలెత్తితే వాచ్‌మన్ ఓబులేసు
మంకీ క్యాపులో, టార్చిలైటు బ్యాటరీలు మారుస్తూ,
నా వైపు చూడకుండా.

నేనేమీ అడగలేదు.
మర్నాడు మాత్రం క్యాబు దిగి కాస్త గబగబా నడిచాను.
కుక్కపిల్లలు నాలుగూ ఉన్నాయా?
"మూడే. ఒకటి చల్లబడింది. పారిజాతం కింద పూడ్చినా."

ఎందుకు చదివేదాన్నంటే,
ఆఫీసులో రాత్రంతా చదివేవి
ఎక్కడో పగలున్న దేశాల ఫిర్యాదులు.
ఒక్కటీ నాకు రాసింది కాదు, అన్నిటికీ నేనే జవాబు.
ఇదీ నాకు రాసింది కాదు,
కానీ జవాబు అడగదు.

అబద్ధం. అంత గొప్పగా ఏం లేదు.
నేను వెతికింది నన్నే.
మూడేళ్ళు ఈ ఊళ్ళో, ఎవరి మాటల్లోనైనా
ఒక్కసారి పడి ఉంటానేమోనని
పేజీలు వెనక్కి తిప్పాను.
ఆగస్టు పందొమ్మిది:
"2.45. 304 పాప. చెప్పులు చేతిలో పట్టుకోని వచ్చింది.
లిఫ్టు ఎక్కలా. మెట్లెక్కి పోయింది, నిదానంగా."
ఆ రాత్రిని నేనెక్కడో పారేసుకున్నాను.
ఏరి, టైము వేసి, దాచి పెట్టాడు.

అప్పటినుంచి నా గడిలోనూ
"ఇల్లు" రాయలేదు.
వచ్చిన పని: కుక్కల్ని చూడ్డానికి.
వచ్చిన పని: గొంతు విప్పి పక్కన పెట్టడానికి.
వచ్చిన పని: తెలియదు, రేపు రాస్తాను.

పాలపాకెట్ల మంజప్ప
మా అక్షరాల్ని తన కన్నడంలోకి సాగదీసుకుని
కూడబలుక్కుంటాడు. సగం అర్థమైతే చాలంటాడు.
102లో వంటచేసే రామక్క చదివించుకుంటుంది,
కుక్కల సంగతులైతే రెండుసార్లు.

సెక్రటరీ నరహరిరావు గారి కళ్ళద్దాల కింద
ఒక ఉదయం ఈ పుస్తకం పడింది.
"విజిటర్ల రిజిస్టరయ్యా ఇది! ఎవరు చదవాలని ఈ రాతలు?"
ఓబులేసు టోపీ తీశాడు.
"చదవాలని కాదు సార్.
తెల్లార్లూ మేలుకున్నానని
యాడో ఒకచోట ఉండాల గదా."

పుస్తకం పైకి పోయింది, 201కి.
మూడు రాత్రులు విడికాగితం మీద సంతకాలు పెట్టాం.
అందులో ఇతర వివరాల గడి లేదు.
మూడు రాత్రులూ
నేను ఊరికే ఇంటికి వచ్చాను.

నాలుగోనాడు టేబుల్ మీద తిరిగి ఉంది.
అట్ట మీద టీగ్లాసు ముద్ర.
ఒక్క పేజీ చిరగలేదు, ఒక్క వరస కొట్టేయలేదు.
"ఆయప్పకు తెల్దు" అన్న చోట
కింద, పెన్సిలుతో, పాతకాలపు గుండ్రని దస్తూరి:
"తెలుసు."

ఓబులేసు అది చూశాడో లేదో, చెప్పలేదు.
స్కేలు పెట్టి కొత్త పేజీకి గీతలు గీస్తున్నాడు.
సంతకం గడి కుదించాడు.
చివరి గడి ఈసారి
రెండు వేళ్ళు వెడల్పు.