మెడ కొలత

ఫహాహీల్‌లో మా దుకాణం వెనక సందులో ఉంది.
ఇరవై రెండేళ్లుగా నేను మనుషుల్ని
మెడ దగ్గర్నుంచే గుర్తుపడతాను.
మొహాలు తర్వాత.

బూ ధారీ మెడ పదిహేనున్నర.
చేపల మార్కెట్లో వేలం పాడే మనిషి.
చందువల బుట్ట పక్కన నిలబడి ధర పిలిస్తే
పడవల మీది పిల్లులు తల తిప్పేవి.
రంజానుకు ముందు నాలుగు దిష్దాషాలు,
మూడు తెలుపు, చలికాలానికొకటి బూడిద రంగు.
కాలరు గుండీ బిగుతుగా ఉండాలి,
గొంతుకు పట్టు దొరకాలంట.

ఆ యేడు టేపు పదహారు చూపించింది.
ఒళ్లు చేశాడేమో అనుకున్నా. నడుము అంతే ఉంది.
మళ్లీ చుట్టాను.
ఎడమ దవడ కింద ఉసిరికాయంత.
వేలితో కదిపితే పక్కలకు పోయింది,
పైకీ కిందికీ రాలేదు.
బిగిసిన దారం మీద ముడి
అటూ ఇటూ ఊగుతుంది గానీ జారదు, అట్లా.
దాని అడుగున ఇంకేదో కొట్టుకుంటోంది.

బట్ట ఎన్నడూ నా చేతిలో కొట్టుకోలేదు.

నాకొచ్చిన అరబ్బీ పొడుగు, వెడల్పు, రేపు, ఎల్లుండి.
గడ్డకు మాట లేదు నా దగ్గర.
ఆయన వేలు పట్టుకుని ఆయన మెడ మీదే పెట్టాను.
ఇద్దరం అట్లాగే నిలబడ్డాం,
పక్క గదిలో ఎవరో తలుపు తడుతున్నట్టు.

తర్వాత వాళ్లబ్బాయి ధారీ చెప్పాడు,
నా ఇస్త్రీ బల్ల అంచున కూర్చుని.
మెదడుకు పోయే నాళం రెండుగా చీలే చోట
బియ్యపుగింజంత కండ ఉంటుందంట, అందరికీ.
నెత్తుట్లో గాలి ఎంతుందో రుచి చూస్తుందంట.
అది పెరిగింది. లక్షల్లో ఒకరికి.
పైగా నాయన నాళం అందరికిలా నిటారుగా పోక
గొంతు వెనక్కి ఒక మెలిక తిరిగిందంట.
అలవాటు దారిలో కత్తి పెట్టలేమన్నారంట.
"ఎందుకట్లా?" అన్నాడు,
నాకేదో తెలిసినట్టు.

నాకు తెలిసిందల్లా అట్ట నమూనా ఎవరికీ సరిపోదని.
పెషావరు క్రేను డ్రైవరుకి మెడ మొదట్లో ఎముక ఒకటెక్కువ,
ఎడమ కాలరు ఎప్పుడూ లేచి నిలబడుతుంది.
సిల్హెట్ కుర్రాడు నాలిక చాపితే
గొంతు ముందర గోళీ ఒకటి పైకెక్కుతుంది,
చూపించి నవ్విస్తాడు.
రెండు భుజాలూ ఒకటైనవాడు
నా గడప ఇంకా తొక్కలేదు.
రాయచోటిలో మా తాత దూదేకేవాడు.
ఒకే చెట్టు పత్తి కూడా
విల్లు కింద రెండు తీర్లుగా లేస్తుందనేవాడు.
ఇదంతా ఆ పిల్లోడికి అరబ్బీలో ఎట్లా చెప్పేది?
టీ తెప్పించాను.

ఏడు గంటలు పట్టింది.
గడ్డ వచ్చింది, మనిషి మిగిలాడు.
అతుక్కున్న నరం ఒకటి దానితో పోయింది.

పండగ దాటాక వచ్చాడు.
నోరు తెరిస్తే బట్ట చింపిన చప్పుడు.
వేలం ఇప్పుడు ధారీ పాడతాడు,
ఈయన పక్కన నిలబడి వేళ్లతో ధర చూపిస్తాడు.
పిల్లులు కొడుకు వైపు తిరిగాయి.

ఆ రోజు నేను రెండోసారి టేపు చుట్టకపోతే?
నేనడగలేదు. ఆయనా ఎత్తలేదు.
గుండీ వదులు చెయ్యమని సైగ చేశాడు,
మచ్చకు రాసుకుంటోందని.
పదిహేనుంబావు.
పాత అంకె కొట్టేసి పక్కన రాశాను.

పోతూ పోతూ నా చేతిలో టేపు లాక్కుని
నా మెడకు చుట్టాడు.
ఉప్పు వాసన వేళ్లు రెండు
దవడ కింద ఆనించి కళ్లు మూసుకున్నాడు.
చాలాసేపు.
"పద్నాలుగు!" అన్నాడు
ఆ చిరుగు గొంతుతోనే, వేలం కొట్టేసినట్టు.

రాసుకోమని పుస్తకం చూపించాడు.
ఏ పేజీలో రాయాలో నాకు తోచలేదు.