రెండున్నర చుక్కలు

శుక్రవారం మొదటాట.
కాజీపేట బుకింగు కౌంటర్ల రాత్రి డ్యూటీ దిగి
మొఖం కడుక్కోని అట్నే హన్మకొండ పోత.
మాల్‌ల మూడో అంతస్తు, నాలుగో తెర,
ఎముకలు కొరికే ఏసీ,
అందరం కలిసి పదకొండు మందిమి.
పాప్‌కార్న్ డబ్బా ధర
నా సమీక్షకు పేపరోళ్లు ఇచ్చే పైసలకన్న
నలభై రూపాలెక్కువ.

పదారేండ్ల సంది రాస్తున్న.
ఆదివారం, ఆరో పేజీ, కింద మూలకు
సంతాప ప్రకటనలకూ ఎనుమాముల మిర్చి ధరలకూ నడుమ.
మూడు వందల మాటలు. ఆఖరుకు చుక్కలు.

"ఈ సినిమాల ఎవ్వరూ చిల్లర లెక్కపెట్టరు"
అని రాసిన ఒకపారి.
"హీరో లండన్ల ఏడుస్తడు, ఇస్తాంబుల్ల అలుగుతడు,
జెండా యాదికొస్తె మాత్రం ఇంటికొస్తడు."
"వాయిద్యాలు ఒక్క నిమిషం ఆగితే
వీళ్లు ఏం మాట్లాడుకుంటరో విందామనుకున్న.
రెండు గంటల యాభై నిమిషాలు ఆగలే."
ఇంకోటి, మా రైల్వేవాళ్లు కత్తిరించి
క్యాంటీన్ల అంటించిన్రు:
"క్లైమాక్సుల బండి ఎర్రలైటు దాటి పోయింది.
నిజంగ అయితే డ్రైవరు సస్పెండు.
ఇక్కడ దర్శకుడికి ఇంకో సినిమా."

అన్నీ తిట్లే కావు.
మొన్న వానల్ల ఒకటొచ్చింది, పోస్టరు మీద
పేరు గూడ సన్నగుండె.
ఒక టైపిస్టామె బస్సు కోసం నిలవడుతది,
సంచి ఈ చేతుల నుంచి ఆ చేతులకు మార్చుకుంటది,
మల్ల మార్చుకుంటది.
బస్సు రాదు.
నా మోకాళ్లు నొచ్చినయ్ కుర్చీల కూసుండి.
నాలుగు చుక్కలిచ్చిన.
పేపరు వచ్చేటాల్లకు సినిమా ఎత్తేసిన్రు.

నా పక్క సీటు సర్వర్ మియాది.
మట్టెవాడ పాత టాకీసుల ముప్పయ్యేండ్లు ఆపరేటరు.
ఇప్పుడది ఫంక్షన్ హాలు,
ప్రొజెక్టరు గదిల బిర్యానీ గంజులు పెడ్తరు.
నాకు రాని ఉర్దూ మాట వస్తె
తెర మీదికెల్లి చూపు తియ్యకుండనే
చెవుల అర్థం చెప్తడు.
గేటు కాడ జేబులు తడిమేటోళ్లకు చిక్కకుండ
సాక్సుల పల్లీలు తెస్తడు.

పోయిన శుక్రవారం సినిమాల
దుర్మార్గుడు సుర్మా పెట్టుకున్నడు.
వాని తమ్ముడు పెట్టుకున్నడు.
వాని ఇంట్ల చాయ్ తెచ్చే పోరడు గూడ పెట్టుకున్నడు.
బొక్క కొరికి నవ్వుతడు, కెమెరా పండ్ల మీదికి పోతది.
ముంగటి వరుసల ఎవడో లేచి
చంపుండ్రి అని ఒర్లిండు.
నా పక్కన పల్లికాయ ఒలిచే చప్పుడు
ఆగింది.

లిఫ్టుల అన్నడు:
"ఫోకస్ మంచిగుంది బేటీ. ఎక్కడ జారలే."
సుర్మా కండ్లు తుడుచుకున్నడు, ఏసీకి నీళ్లు కారినయట.

ఆ రాత్రి రాసిన.
ఒక్క కాటుకగీతతోని లక్షలమందిని
నేరం కాడ నిలవెట్టొచ్చని కనుక్కున్నరు,
ఇంత చవక మేకప్పు ఇంకోటి లేదు, అని.
అర చుక్క.

ఆదివారం చూస్తె ఆ పేరా లేదు.
ఆడ ఇంటర్ కాలేజీ ర్యాంకుల ప్రకటన,
పోరగాళ్ల ఫోటోలు, అగ్గిపెట్టెంత ఒక్కొక్కటి.
కింద రెండున్నర చుక్కలు.
"జాగ లేకుండె మేడం" అన్నడు డెస్కు రాజలింగం.
చుక్కలకెట్ల జాగ దొరికిందని అడగలే నేను.
అడగవలసుండె.

సోమవారం పగటి డ్యూటీ. బల్లార్షా బండికి లైను.
లైన్ల సర్వర్ మియా, చంకల పేపరు.
అద్దం కింది సందుల నుంచి లోపలికి నూకిండు.
"మా కాలంల రీలు తెంపి అతికితే
తెర మీద మచ్చ కనవడుతుండె.
జనం ఈల కొట్టి తిడుతుండిరి.
ఇది చూడు. మచ్చ లేదు.
ఎవడో గని మంచి పనోడు."

నేను ఏదో అనబోయిన.
వెనకున్నాయన, బండొస్తుంది, అన్నడు.

"ప్లాట్‌ఫారం టికెటు ఒకటియ్యి" అని
ఇరవై నోటు పెట్టిండు మియా.
ఎవ్వరినీ ఎక్కించేటిది లేదు ఆయనకు.

పది రూపాల చిల్లర,
ఒక్కొక్క బిళ్ల
లెక్కపెట్టి ఇచ్చిన.