ఎక్కిళ్ళు

జీడిపిక్కలు కోసే బల్ల కింద బిగించిన సప్లై
వైరు పైతోలు ఊడి రెండు తీగలూ అంటుకున్న రోజు
ఆరిపోవాల్సింది.
ఆరలేదు.

పలాసలో పిక్క నూనె దేన్నైనా తింటుంది:
చెక్కని, గోళ్ళని, రాగి మీది ప్లాస్టిక్కుని.
కాలిన వాసన రాగానే దమయంతి
చేట తిరగేసి ప్లగ్గుని పడగొట్టిందట.
గోనెపట్టాలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టింది.
"ఏటి బాబూ, నీ పెట్టెకి సావడం రాదా?"

నా గీత, నా లెక్క, నా టంకం.
కాశీబుగ్గలో మేడ మీది గదిలో
దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను.

అనుమానం ముందు చిన్నవాళ్ళ మీదకే పోతుంది.
కరెంటు కొలిచే రెసిస్టరు పీకి కొత్తది పెట్టాను.
చిప్పుని తిట్టి మార్చాను. రెండోదాన్నీ తిట్టి మార్చాను.
మూడోది తీస్తుంటే దుర్యోధన టీ గ్లాసు దించి
"దొంగెవులో తెలీకుండా
ఊరందర్నీ కొట్టెస్తన్నావేటి" అన్నాడు.

నిజానికి దానికి నేను నేర్పింది ఇంతే:
అవతల తీగలు కలిసిపోతే
నీకు తిండి ఆగాలి, నువ్వు పడిపోవాలి,
కాసేపటికి లేచి చూడాలి,
ఇంకా అలాగే ఉంటే మళ్ళీ పడిపోవాలి.
టిక్. కాస్త ఆగి, టిక్.
ఎక్కిళ్ళు వచ్చే సప్లై కాలదు.

దీనికి ఎక్కిళ్ళు రావడం లేదు.
బయట సున్నా వోల్టులు,
లోపల చిప్పు మాత్రం కళ్ళు తెరుచుకునే ఉంది.
డయోడు మీద వేలు పెడితే బొబ్బ.
ఎవరు పెడుతున్నారు దీనికి తిండి?

రాత్రి పదకొండు దాటింది.
బరంపురం వైపు గూడ్సు పోయి
కిటికీ ఊచల వణుకు ఆగాక
ప్రోబు తీసుకెళ్ళి ఎవరూ అనుమానించని చోట పెట్టాను:
చిప్పుకి అన్నం పెట్టే ఆ చిన్న చుట్ట మీద.

కనిపించింది.
స్విచ్చి ఆగిన ప్రతిసారీ ఒక సూది.
సన్నం, నిటారు, గీత అని కూడా అనలేనంత.
చుట్టకీ చుట్టకీ చుట్టరికం పూర్తిగా కుదరక
మధ్యలో మిగిలిపోయిన కాసింత అయస్కాంతం
విదిలించిన మెతుకు.
ఆ మెతుకులే ఏరి దాచుకుని
కెపాసిటరు దానికి గంజి కాస్తోంది.

జీడితోటలు నేలకి పడిపోయిన తుపాను ఏడు
మా వీధి ఇలాగే బతికింది,
ఎవరు ఏం తెచ్చి పెట్టారో తెలీకుండా.
అది గుర్తొచ్చి చెయ్యి కాసేపు ఆగింది.
కానీ ఇది బతికితే బల్ల కాలుతుంది.

డయోడు పక్కన వరసలో ఇరవైరెండు ఓములు.
ముప్పావలా చేయదు.
స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని,
షార్టు చేశాను.
టిక్.

టిక్.

దుర్యోధన అప్పటికే చాప మీద నిద్రపోయాడు,
చెప్పడానికి ఎవరూ లేరు.

తెల్లారి షెడ్డులో అందరి ముందూ మళ్ళీ చేసి చూపించాను.
దమయంతి పెట్టెని చెవి దగ్గరికి లాక్కుంది.
"ఎక్కిళ్ళొస్తన్నాయి పాపం,
ఎవులో తలుసుకుంతన్నారు దీన్ని."
నేనే, అన్నాను. రాత్రంతా.
నవ్వి, వేళ్ళకి బూడిద రాసుకుని పిక్కల్లోకి పోయింది.
ఆ వేళ్ళ చివర గీతలు లేవు.
రేషను డిపోలో మిషను తనని గుర్తుపట్టదట,
నెలకి రెండుసార్లు తిప్పుతారట.

ఇంకోటి మిగిలింది, నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను:
మంచు పడే తెల్లారుల్లో
వెలగడానికి ఒక ఎక్కిలి ఎక్కువ తీసుకుంటోంది.
కెపాసిటరు పెంచాలా, ఓములు తగ్గించాలా,
ఇంకా తేలలేదు.